రాతకి ఆరు వంతులు

మా మౌలాలి గాడు కుండలు చేయడం కనిపెట్టాడు,
క్రీస్తుకి ముందు మూడువేల చిల్లర సంవత్సరంలో,
మార్కాపురంలో, తర్లుపాడు రోడ్డు పక్క రేకుల గదిలో,
సగం ధరకి కొన్న కంప్యూటర్ ముందు,
బొరుగులు నములుతా.

"ఇప్పుడిక రాత నేర్పిస్తానత్తా" అన్నాడు.
ఎవురికిరా?
"నా జనానికి."
తెర మీద వాడి జనం ముగ్గురే.
ఒకడి చేతిలో దుడ్డుకర్ర,
ఇద్దరు ఎద్దుల్లేని పొలంలో వంగి లేస్తున్నారు.

రాతకి ఆరు వంతులంట.
వంతుకిన్నని తెలివి చుక్కలు పడతాయంట
నీలం గాజుబుడ్డిలో,
డ్రిప్పు పైపు కింద బత్తాయి పాదులోకి పడ్డట్టు.
ఊళ్లో మనుషులు పెరిగితే చుక్కలు పెరుగుతాయి,
గ్రంథాలయం కడితే ఇంకాసిన్ని.
బుడ్డి నిండిన వంతున టింగుమని ఒక గంట.
అంతే, దేశమంతటికీ ఒకేసారి రాత వచ్చేస్తుంది,
ముసలోళ్లకీ, గొర్రెల కాడ ఉన్నోళ్లకీ.
నాకు సంతకం రావడానికే నాలుగు నెలలు.
సైదాబీలో ఆ ఐత్వం
ఎప్పుడూ గీత దాటిపోయేది.

పదకొండేళ్లు పలకలకి చట్రాలు బిగించాను నేను.
నాలుగు మూలలా రేకుముక్క, మేకు, సుత్తి దెబ్బ.
ఏ బళ్లకి పోతాయో, లారీ ఎక్కేవి.
మా అన్న ఖాసిం రంపం దగ్గర.
పొద్దుగూకేసరికి వాడి కనురెప్పలూ పలక రంగే.
ఇప్పటికీ దగ్గుతాడు, పక్క గదిలో,
వాడి వంతు వచ్చినప్పుడల్లా.

"ఏదిరా, ఆ విద్యల చెట్టు చూపించు."
చూపించాడు. చెట్టు కాదది,
ఎడమ నుంచి కుడికి పాకే దోసపాదు.
గడికీ గడికీ మధ్య గీతలు.
కుండ నుంచి రాతకి ఒక గీత.
గని తవ్వకం నుంచి గోడలకి, ఇనుముకి, ఫిరంగికి;
రాతకి మాత్రం లేదు.
రాయే లేకుండా దేని మీద రాశారురా అంటే
"ఆట చేసినోళ్లకి పలకల సంగతి తెలీదులే అత్తా."

కాలవ తవ్వే విద్యకి నాలుగు వంతులు.
"మరి మన వెలిగొండ సొరంగానికి ఎన్నయినయిరా?"
పక్క గదిలో మా అన్న నవ్వాడు,
నవ్వు దగ్గయింది,
దగ్గు చాలాసేపయింది.

ముందుది రాందే వెనకది రాదు ఆ పాదులో,
అది నాకు నచ్చింది.
నచ్చందేమంటే
రాజు వేలు పెట్టిన గడే నిండుతుంది, మిగతావన్నీ ఎండే.
ఎవురో ఒక మూల కూచుని, దారి తప్పి,
ఇంకోటేదో కనుక్కోవడం ఉండదు.
విరిగిన పలక పెంకులతో ఇంటి కప్పు వేయొచ్చని
మా ఫ్యాక్టరీలో కనిపెట్టింది ఏ రాజంట?
వాచ్‌మెన్ పెళ్లాం గాలెమ్మ.
ఆమెకే గంటా మోగలేదు.

రాత వచ్చిన మరుసటి వంతుకే
పొరుగు రాజు మీసం తిప్పుతా తెర మీదికొచ్చాడు.
ఆ విద్య ఇస్తే రెండు మందల గుర్రాలిస్తానన్నాడు.
మావాడు ఇచ్చేశాడు!
"రాతని గుర్రాలకి అమ్ముతావా?"
"నాలుగు వంతులాగితే వాడే కనుక్కుంటాడత్తా,
ఈలోపు అమ్ముకోవడమే లాభం."
అచ్చం మా షావుకారు మాట.
ప్లాస్టిక్ పలక వస్తోందని ఆయనకి ముందే తెలుసు.
మిషన్లు అమ్మిందాకా
మాకు చెప్పలేదు.

కరెంటు పోలేదు. వాడు అన్నానికి లేచాడు.
ఎలుక పక్కన ఒక పలక,
మూల చిట్లింది, రేకుముక్క ఊడింది,
మా ఫ్యాక్టరీదే.
దాని మీద సుద్దతో
ముందుముందు నేర్చుకోవాల్సిన వరస:
రాత, గుర్రం, చకం, ఇనుము.
రాత కొట్టేసి ఉంది,
వచ్చేసింది గదా.

చక్రానికి క్రావడి పెట్టలేదు ఎదవ.
వేలు తడి చేసుకుని ఆ ఒక్క మాట తుడిచి
నేనే రాశాను.